అద్దె సాయం దానమా, హక్కా?

ఇల్లు లేనివాళ్ళకు ఇల్లు కట్టివ్వాలా, అద్దె కట్టివ్వాలా? మన తెలుగు రాజకీయాల్లో ఈ ప్రశ్నలో మొదటి సగమే ఎప్పుడూ వినిపిస్తుంది. ఇందిరమ్మ ఇళ్ళు, టిడ్కో ఇళ్ళు, డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు, 2020 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పంపిణీ మొదలైన ఇళ్ళ పట్టాలు... పథకాల పేర్లు మారాయి గానీ ఆలోచన ఒకటే: పేదవాడికి సొంతిల్లు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అనే సామెత పుట్టిన చోట సొంతింటికి ఎంత విలువో చెప్పనక్కర్లేదు. కానీ సొంతిల్లు వచ్చేదాకా పేదవాడు ఎక్కడ పడుకుంటాడు? ఎప్పటికీ రానివాడి సంగతేమిటి? వాళ్ళు అద్దెకుంటారు. జబ్బు చేసిన నెలలోనో, పని దొరకని నెలలోనో అద్దె బాకీ పడుతుంది. రెండో నెల ఓనరు గుమ్మంలోకి వస్తాడు. మూడో నెల సామాను బయట ఉంటుంది. చాలా కుటుంబాలు నిలువనీడ కోల్పోయే తీరు ఇదే.

అందుకే కొన్ని దేశాలు ఇళ్ళు కట్టడంతో పాటు అద్దె కట్టడానికి కూడా సాయం చేస్తున్నాయి. దీన్ని అద్దె వోచరు అంటారు. ఈ పద్ధతి మనకు పనికొస్తుందా, పనికొస్తే ఏ షరతుల మీద అన్నది ఆలోచించాలి. ఇది లెక్కల విషయంగా కనిపిస్తుంది గానీ లోపల ఒక నైతిక ప్రశ్న ఉంది. పేదవాడి అద్దెలో కొంత సమాజం భరించడం జాలితో చేసే పనా, లేక తీర్చాల్సిన బాధ్యతా? దానికి చెప్పే జవాబును బట్టే పథకం రూపం మారిపోతుంది.

దీవుల్లో నేల కరువు

అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ ప్రశ్నను తప్పించుకోవడం కుదరదు. 8,249 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో 80 శాతానికి పైగా అడవే. ఆ అడవిలో కొంత జారవాలు, ఒంగేలు వంటి ఆదిమ తెగల నేల. దాన్ని ముట్టుకునే హక్కు మనకు లేదు. మిగిలిన కొద్ది నేల మీద 2011 జనగణన నాటికి 3,80,581 మంది ఉన్నారు. వారిలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులను ప్రభుత్వమే తెచ్చి, పొలాలిచ్చి స్థిరపరిచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మనవాళ్ళలో ఎక్కువమంది తమంతట తామే ఓడెక్కి వచ్చారు. చేపల వేట, తాపీ పని, హార్బరు కూలి వాళ్ళ జీవనాధారం. అలా వచ్చినవాళ్ళకు పట్టా ఎవరిస్తారు?

కొందరు అడవి అంచున కొద్దిపాటి జాగా చదును చేసుకుని గుడిసెలు వేసుకున్నారు. 2002 మే నెలలో సుప్రీంకోర్టు అండమాన్ అడవుల మీద ఇచ్చిన ఆదేశాలు 1978ని గీతగా పెట్టాయి. ఆ తర్వాత అడవిలోకి వచ్చిన ఆక్రమణలు తొలగించాలన్నాయి. సముద్రపు ఒడ్డు ఇసుక తవ్వకాన్ని క్రమంగా తగ్గించాలని కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. అడవి మిగలాలంటే అవి అవసరమే. వాటి ఫలితం మాత్రం తెలుసుకోవాలి. ఇక్కడ కొత్త జాగా దొరకదు. సిమెంటు, ఇనుము చెన్నై నుంచో, కోల్‌కతా నుంచో, విశాఖ నుంచో ఓడ మీద రావాలి. ఇల్లు కట్టడం ప్రధాన భూభాగం కన్నా ఖరీదు, ఆలస్యం కూడా.

ఆ ఆలస్యం ఎంతో 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత అందరూ చూశారు. ఇళ్ళు పోయిన కుటుంబాలను రేకుల షెడ్లలో పెట్టారు. తాత్కాలికమన్న ఆ రేకుల కింద, ఈ ఎండలో, ఈ వానలో, జనం ఏళ్ళ తరబడి ఉన్నారు. పక్కా ఇళ్ళు ఆ తర్వాతే వచ్చాయి. ఇల్లు కట్టి ఇచ్చే పద్ధతికి సహజమైన బలహీనత ఇది. ఇల్లు రావడానికి ఏళ్ళు పడుతుంది, కుటుంబం ఇబ్బంది ఈ నెలలోనే ఉంటుంది. అద్దె సాయం వచ్చే నెలలోనే అందగలదు. దాని మొదటి గుణం అదే.

పద్ధతి ఏమిటి, ఫలితం ఏమిటి

వోచరు పద్ధతిలో కుటుంబం తనకు వీలైన ఇంటిని తానే వెతుక్కుంటుంది. తన రాబడిలో ఒక భాగం అద్దెగా కడుతుంది. మిగిలిన అద్దెను ప్రభుత్వం నేరుగా ఓనరుకు చెల్లిస్తుంది. అమెరికాలో 1937 గృహనిర్మాణ చట్టంలో 1974లో చేర్చిన 8వ సెక్షన్ దీనికి మూలం. అక్కడ కుటుంబం వాటా రాబడిలో సుమారు 30 శాతం. ఇల్లు ఉండటానికి తగినట్టు ఉందో లేదో అధికారులు తనిఖీ చేస్తారు. కుటుంబం వేరే పేటకు మారితే సాయం కూడా వెంట వెళ్తుంది.

మన లెక్కలో చెప్పుకుందాం. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) చేపల జెట్టీ దగ్గర కూలికి వెళ్ళే కుటుంబానికి నెలకు 12,000 రూపాయలు వస్తాయనుకుందాం. గది అద్దె 6,000 అనుకుందాం. రాబడిలో సగం అద్దెకే పోతే మిగిలిన సగంలో తిండి, బడి, మందులు అన్నీ గడవాలి. వోచరు ఉంటే వాళ్ళు 3,600 కడతారు, ప్రభుత్వం 2,400 కడుతుంది. ఆ 2,400 తోనే ఒక పిల్లవాడు బడి మానకుండా నిలబడవచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికా గృహనిర్మాణ శాఖ 12 ప్రాంతాల్లో, అప్పటికే షెల్టర్లలో ఉన్న రెండు వేలకు పైగా కుటుంబాల మీద ఒక పెద్ద అధ్యయనం చేయించింది. మూడేళ్ళ ఫలితాలు 2016లో వచ్చాయి. దీర్ఘకాల అద్దె సాయం ఇవ్వజూపిన కుటుంబాలు తిరిగి నిలువనీడ కోల్పోవడం, మామూలు సేవలతో సరిపెట్టుకున్నవారితో పోలిస్తే, సగానికి తగ్గింది. పిల్లలు బడులు మారడం తగ్గింది. భర్త చేతిలోనో, తోటివాడి చేతిలోనో దెబ్బలు తినే స్త్రీల బాధ తగ్గింది. పనికి వెళ్ళేవారి శాతం మొదట్లో కొంత తగ్గిందని కూడా ఆ అధ్యయనం దాచకుండా చెప్పింది. మనం కూడా దాచనక్కర్లేదు. తల మీద కప్పు నిలిచినప్పుడు, చంటిబిడ్డ తల్లి కొన్నాళ్ళు కూలికి వెళ్ళకుండా ఉండగలిగితే దాన్ని సోమరితనం అనడం న్యాయం కాదు.

మన దేశంలో 2011 జనగణన ప్రకారం ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది. అదే జనగణన పట్టణాల్లో ఖాళీగా తాళం వేసి ఉన్న ఇళ్ళు సుమారు 1.1 కోట్లని లెక్క తేల్చింది. ఆ ఇళ్ళన్నీ అద్దెకు పనికొచ్చేవి కాకపోవచ్చు. అయినా ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఒక సంగతి బోధపడుతుంది. మన కొరత ఇటుకల కొరత మాత్రమే కాదు. 2020లో లాక్‌డౌన్‌లో వలస కూలీలు వందల మైళ్ళు నడిచి ఊళ్ళకు వెళ్ళారు. అద్దె కట్టలేకపోవడం, ఖాళీ చేయమనడం కూడా ఆ నడకకు కారణాలే. ఆ జులైలో కేంద్రం అందుబాటు అద్దె ఇళ్ళ పథకం ప్రకటించింది. ప్రభుత్వం కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్ళను అద్దెకివ్వడం అందులో ఒక పద్ధతి. ఆలోచన మంచిదే. చండీగఢ్, సూరత్ వంటి కొద్దిచోట్ల అమలయింది. దేశమంతటి అవసరం ముందు అది చాలా చిన్నది.

ఇప్పటికే అద్దె సాయం పొందేది ఎవరు?

అద్దె సాయం మాట ఎత్తగానే మధ్యతరగతి నుంచి ఒక మాట వస్తుంది. “ఉచితాలు ఇచ్చి జనాన్ని పాడు చేస్తున్నారు” అని. ఈ మాట అనేవారిని ఒక్కటి అడగాలి. మీ జీతం చీటీలో హెచ్‌ఆర్‌ఏ అని ఉండే వరుస ఏమిటి?

అది ఇంటి అద్దె భత్యం. ప్రభుత్వ క్వార్టరు దొరకని ఉద్యోగికి, ఊరి తరగతిని బట్టి, మూల వేతనంలో ఇంత శాతమని ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం. ప్రైవేటు ఉద్యోగి తీసుకునే హెచ్‌ఆర్‌ఏ మీద కూడా ఆదాయపు పన్నులో మినహాయింపు చాలాకాలంగా ఉంది. ఇంటి అప్పు వడ్డీ మీద రాయితీ వేరే. అంటే నెలనెలా జీతం ఖాయంగా వచ్చేవాడి అద్దెలో ప్రభుత్వం వాటా ఇప్పటికే ఉంది. దాన్ని ఎవరూ ఉచితం అనరు. ఎవరూ సోమరి కాలేదు. అది ఉద్యోగి హక్కు, అంతే.

అదే ఆఫీసులో ఊడ్చే మనిషికి, పైపులు బాగుచేసే మనిషికి ఆ హక్కు ఉందా? అండమాన్‌లో డైలీ రేటెడ్ మజ్దూర్లు, డీఆర్‌ఎంలు అని పిలిచే రోజుకూలి సిబ్బంది వేలల్లో ఉన్నారు. వేతనం కోసం, ఇతర ప్రయోజనాల కోసం ఏళ్ళుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళ సంగతి అంతకన్నా అన్యాయం. రాబడి పెరిగేకొద్దీ అద్దె సాయం పెరుగుతుంది, రాబడి తగ్గేకొద్దీ తగ్గి చివరికి లేకుండా పోతుంది! అవసరానికి పూర్తిగా తలకిందులుగా ఉన్న ఈ ఏర్పాటును చూశాక, అద్దె వోచరును కొత్త దానంగా చూడటం తప్పని ఒప్పుకోవాలి. ఉద్యోగికి ఇప్పటికే ఒప్పుకున్న సూత్రాన్ని కూలికి కూడా వర్తింపజేయడమే అది.

దానంగా ఇస్తే ఏం జరుగుతుందో దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం చెబుతుంది. ఒక రాజు ప్రజలకు రక్షణ ఇచ్చాడు గానీ పేదలకు బతుకుతెరువు చూపలేదు. పేదరికం పెరిగి దొంగతనం పుట్టింది. పట్టుబడ్డవాడు ‘బతకలేక చేశాను’ అంటే రాజు జాలిపడి అతనికి డబ్బిచ్చాడు. రెండోవాడికీ ఇచ్చాడు. దొంగిలిస్తే రాజు డబ్బిస్తాడన్న మాట పాకింది. దొంగతనాలు పెరిగాయి. విసిగిపోయిన రాజు తలలు నరికించాడు. జనం కూడా కత్తులు పట్టారు.

దీన్ని చదివి, పేదలకు డబ్బిస్తే చెడిపోతారనడమే నీతి అనుకునేవారు ఉంటారు. సుత్తం చెప్పేది దానికి విరుద్ధం. రాజు తప్పు ఇవ్వడంలో లేదు. ముందే, అందరికీ, పద్ధతిగా ఇవ్వకపోవడంలో ఉంది. పడిపోయాక, కంటబడ్డవాడికి, మనసు కరిగినప్పుడు ఇవ్వడంలో ఉంది. కూటదంత సుత్తంలో పురోహితుడు రాజుకు చెప్పిన మార్గం వేరు. రైతుకు విత్తనం, వర్తకుడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ముందే ఏర్పాటు చేయమంటాడు. అలా చేశాక జనం ఇంటి తలుపులు బార్లా తెరుచుకుని నిర్భయంగా ఉన్నారని ఆ సుత్తం వర్ణిస్తుంది.

అమెరికా వోచరు పథకం లోపం సరిగ్గా ఇక్కడే ఉంది. అక్కడ 20 లక్షలకు పైగా కుటుంబాలు ఆ సాయం పొందుతున్నాయి. కానీ అర్హులైన ప్రతి నలుగురిలో దాదాపు ఒక్కరికే అద్దె సాయం అందుతోంది. మిగతావారు ఏళ్ళ తరబడి వరుసలో, కొన్నిచోట్ల లాటరీలో. లాటరీలో వచ్చేదాన్ని హక్కు అనలేం. మన దగ్గర మొదలుపెడితే ఎక్కువ మొత్తం కొద్దిమందికి ఇవ్వడం కన్నా తక్కువ మొత్తమైనా అర్హులందరికీ ఇవ్వడం ధమ్మానికి దగ్గర.

డబ్బు ఉంది, తలుపు తెరవలేదు

ఇంతవరకు చెప్పింది వోచరు పక్షాన. ఇప్పుడు దానికి తీరని అడ్డంకి ఒకటి చెప్పాలి. వోచరు అద్దె కట్టగలదు. ఓనరు చేత తలుపు తీయించలేదు.

1917లో బాబాసాహెబ్ అంబేడ్కర్ న్యూయార్క్, లండన్‌లలో చదివి, బరోడా సంస్థానం కొలువులో చేరడానికి వచ్చారు. చదువు ఉంది, ఉద్యోగం ఉంది, అద్దె కట్టే స్తోమత ఉంది. ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు చెప్పుకుని, డబ్బు చెల్లించి ఒక పార్సీ సత్రంలో చేరారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి వెళ్ళగొట్టారు. ఒక హిందూ స్నేహితుడు, ఒక క్రైస్తవ స్నేహితుడు కూడా ఇంట్లో చోటివ్వలేమని తప్పించుకున్నారు. ఆయన ఒక తోటలో కూర్చుని రాత్రి బొంబాయి రైలు కోసం ఎదురుచూశారు. ఇది ఏ ఒక్క మతం మీద నింద కాదు. మూడు మతాల తలుపులూ ఆ రోజు మూసే ఉన్నాయి. ఆ రోజు ఆయన చేతిలో అద్దె వోచరు పెట్టి ఉంటే ఏం మారేది?

అదే అంబేడ్కర్ కుటుంబం బొంబాయి పరేల్‌లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టిన చాల్‌లో రెండు చిన్న గదుల్లో సుమారు రెండు దశాబ్దాలు ఉంది. అవి ఇరుకు గదులే. కానీ ఆ చాల్ కట్టింది ప్రభుత్వ సంస్థ. బరోడాలో డబ్బుకు తెరుచుకోని తలుపు, పరేల్‌లో తెరుచుకుంది. ప్రైవేటు ఓనరు ఇష్టాయిష్టాలకు, ప్రజల సొమ్ముతో కట్టిన ఇంటికి ఉన్న తేడా ఇది. అద్దె సాయాన్ని సమర్థించే మనం ఈ తేడాను మరిచిపోకూడదు.

అండమాన్‌లో ఇది ఇంకో రూపంలో ఉంది. నల్లనీళ్ళు దాటితే కులం పోతుందని పూర్వం భయపడేవారు. శిక్ష పడి వచ్చిన ఖైదీలు కులాలు, మతాలు కలిపి పెళ్ళిళ్ళు చేసుకుని ఇక్కడ ఒక కొత్త స్థానిక సమాజాన్ని ఏర్పరచారు కూడా. ఈ దీవుల గొప్పతనం అది. కానీ తర్వాత వచ్చినవాళ్ళు ట్రంకు పెట్టెలతో పాటు కులాన్నీ తెచ్చుకున్నారు. గది కోసం వెళ్ళిన తెలుగువాణ్ణి తెలుగు ఓనరు అడిగే ప్రశ్నలు మన పాఠకులకు కొత్త కాదు. “మీదే ఊరు? ఊళ్ళో ఏ వీధి? ఇంటిపేరేమిటి? మీరు ఏమిట్లు?” జవాబు నచ్చకపోతే గది అప్పుడే ‘మా బంధువులకు ఇచ్చేశాం’ అయిపోతుంది. మరుసటి వారం కూడా టులెట్ బోర్డు అక్కడే ఉంటుంది.

ప్రభుత్వ లెక్కలో మాత్రం ఇక్కడ కులం నిజంగానే సముద్రంలో మునిగిపోయింది. అండమాన్ నికోబార్‌కు షెడ్యూల్డు కులాల జాబితా లేదు. జనగణనలో ఇక్కడి ఎస్సీల సంఖ్య సున్నా. సొంత రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వేరే రాష్ట్రానికి వలస వెళ్ళినవారి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. బౌద్ధులైన ఎస్సీలకు ఆ హోదాను నిలబెట్టిన సవరణ వచ్చింది కూడా 1990లోనే. కానీ జాబితాయే లేని చోట అది మనకేం చేస్తుంది? కాబట్టి ఊళ్ళో మాల, మాదిగ, రెల్లి అయిన మనిషి ఇక్కడ కాగితం మీద ఏ కులమూ కాదు. గది అడగడానికి వెళ్ళినప్పుడు మాత్రం మళ్ళీ అదే అవుతాడు.

ఇక్కడి నుంచి రెండు సంగతులు తేలుతాయి. ఒకటి, ఈ దీవుల్లో అద్దె సాయం కుల ధ్రువపత్రం మీద ఆధారపడకూడదు. రాబడిని, అద్దె భారాన్ని చూసి ఇవ్వాలి. లేకపోతే ఎక్కువ అవసరం ఉన్నవాడే బయట మిగులుతాడు. రెండు, ఓనరు కులం చూసి కాదన్నప్పుడు అడిగే దారి ధ్రువపత్రం లేనివాడికి కూడా ఉండాలి.

చట్టంలో దారి ఉందా? రాజ్యాంగం 15(2) దుకాణాలు, హోటళ్ళలో వివక్ష కూడదంది. ఇంటి అద్దె మాట అందులో లేదు. అయితే ‘దుకాణం’ అన్న మాటకు విశాలమైన అర్థం ఉందని, సేవలు అందించే ఎవరైనా అందులోకి వస్తారని అంబేడ్కర్ 1948లో రాజ్యాంగ సభలోనే వివరించారు. 2011లో సుప్రీంకోర్టు ఒక వైద్య కళాశాల కేసులో ఆ వివరణనే ఆధారం చేసుకుంది. ఆ తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి. దాన్ని అద్దె ఇంటి గుమ్మం దాకా తీసుకురావడం మన న్యాయవాదుల ముందున్న పని. మరోవైపు, ఒకే మతస్థులకు సభ్యత్వమన్న గృహ సహకార సంఘం నియమాన్ని 2005లో అదే కోర్టు సమర్థించింది. కనుక దారి సాఫీగా లేదు. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ మాత్రం, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండకుండా అడ్డుకోవడాన్ని నేరమంటుంది. బాధితుడు షెడ్యూల్డు కులస్థుడైతే ఆ పని అంటరానితనం కారణంగానే చేశారని కోర్టు ముందుగా భావించాలని 12వ సెక్షన్ చెబుతుంది. జాబితా లేని దీవుల్లో ఆ ఊతం బలహీనపడుతుంది.

అందుకే చిక్కును విప్పే దారి వోచరులోనే వెతకాలి. ఓనరు తన సొంత ఇంటిని తన ఇష్టమొచ్చినవారికి ఇస్తానంటే వాదన ఒక రకం. ప్రజల సొమ్ము నెలనెలా తీసుకుంటూ అలా అంటే వాదన వేరు. ప్రభుత్వ డబ్బు ఏ ఇంటిలోకి వెళ్తుందో ఆ ఇంటి గుమ్మం దాకా రాజ్యాంగం కూడా వెళ్ళాలి. కులం, మతం, భాష, ఒంటరి ఆడమనిషి అన్న కారణాలతో కాదనకూడదని ఒప్పందంలోనే రాయాలి. తప్పితే చెల్లింపు ఆగాలి, పథకం నుంచి తొలగించాలి. అమెరికాలో కూడా వోచరు ఉన్నవారిని కాదనకూడదని చట్టం చేసిన రాష్ట్రాలు ఉన్నాయి, చేయనివి ఉన్నాయి. చేయని చోట్ల వోచరు చేతిలో పట్టుకుని ఇల్లు దొరక్క, గడువు తీరి పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో.

అద్దెలు పెరిగిపోవా? పెరుగుతాయి, అదుపు లేకపోతే. నేల పెరగని దీవిలో జనం చేతిలో అద్దె డబ్బు పెడితే ఓనర్లు రేటు పెంచుతారు. పేదవాడి పేరు మీద వచ్చిన డబ్బు ఓనరు జేబులో పడుతుంది. ఆ అభ్యంతరం నిజమైనదే. దానికి జవాబు సాయం మానేయడం కాదు. 2023 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గం అండమాన్ నికోబార్ దీవుల కౌలు, అద్దెల రెగ్యులేషన్‌ను ఆమోదించింది. 2021 నమూనా అద్దె చట్టంలో రాతపూర్వక ఒప్పందం, ఇంటికి రెండు నెలలకు మించని అడ్వాన్సు, వివాదాలకు అద్దె అధికారి వంటి ఏర్పాట్లు ఉన్నాయి. వోచరును అలాంటి నమోదైన ఒప్పందాలకే కట్టాలి. మధ్యలో అద్దె పెంచకూడదనాలి. ఖాళీగా ఉన్న ప్రభుత్వ క్వార్టర్లను కూడా అద్దెకు తేవాలి. పరేల్ నేర్పిన పాఠం ఇదే. ప్రైవేటు తలుపులతో పాటు కులం అడగని ప్రభుత్వ తలుపులు కొన్నైనా ఊళ్ళో ఉండాలి.

సంఘం నేర్పిన వసతి నీతి

భిక్షువుకు కావలసిన నాలుగు వసతుల్లో చీవరం, భిక్ష, మందులతో పాటు సేనాసనం, అంటే పడక, నివాసం ఒకటి. చుల్లవగ్గలో ఒక ప్రకరణం మొత్తం దాని గురించే. రాజగహ శ్రేష్ఠి ఒకడు భిక్షువుల కోసం ఒక్క రోజులో అరవై కుటీరాలు కట్టించాడు. ఎవరి పేరున ఇవ్వాలని అడిగాడు. ఏ ఒక్కరి పేరునా వద్దు, నాలుగు దిక్కుల నుంచి వచ్చిన, ఇక ముందు రాబోయే సంఘానికి ఇవ్వమని బుద్ధుడు చెప్పాడు. అంటే నివాసం ఎవరి సొత్తూ కాదు, వచ్చినవారి వాడుక హక్కు. వసతులు పంచడానికి సంఘం ఒక భిక్షువును నియమించేది. పక్షపాతం లేనివాడు, కోపానికీ భయానికీ లొంగనివాడు అయి ఉండాలన్నది అతని అర్హత. కోపంతో మరో భిక్షువును విహారం నుంచి వెళ్ళగొట్టడాన్ని పాచిత్తియ దోషాల్లో 17వదిగా వినయం నిషేధించింది. ఇంటి నుంచి వెళ్ళగొట్టడం దోషమని రెండున్నర వేల ఏళ్ళ క్రితమే రాసుకున్న సమాజం మనది. పుట్టుక అడగకుండా వసతి ఇచ్చిన సమాజం కూడా.

అందువల్ల ఈ ప్రశ్నను ప్రభుత్వం మీదికి నెట్టేసి ఊరుకోలేం. మన పాఠకుల్లో రిజర్వేషన్ ద్వారా ఉద్యోగాలు పొంది, హెచ్‌ఆర్‌ఏ తీసుకుని, అప్పు తెచ్చి ఇల్లు కట్టి, పై అంతస్తు అద్దెకిచ్చినవారు చాలామంది ఉన్నారు. హాల్లో బాబాసాహెబ్ పటం, బుద్ధుడి ప్రతిమ ఉంటాయి. గేటుకు టులెట్ బోర్డు ఉంటుంది. గది అడగడానికి వచ్చినవాణ్ణి మనం ఏమడుగుతున్నాం? పారిశుద్ధ్య పని చేసే రెల్లి కుటుంబానికి ఇస్తున్నామా? ముస్లిం కుటుంబానికి? భర్త లేని స్త్రీకి? మాలలు మాదిగలకు, మాదిగలు మాలలకు ఇస్తున్నారా? 1917లో బరోడాలో మూసిన తలుపుల గురించి కన్నీళ్ళు పెట్టుకునే మనం మన గేటు దగ్గర అదే ప్రశ్న అడిగితే, 1956లో నాగపూర్‌లో చేసిన ప్రతిజ్ఞలకు అర్థమేమిటి?

చేయగల పనులు చిన్నవే. ఇల్లు ఉన్న ప్రతి బౌద్ధ ఉపాసకుడు, ఉపాసిక కులం, మతం అడగకుండా అద్దెకిస్తామని, నోటీసు లేకుండా ఖాళీ చేయించమని సంఘం ముందు మాటివ్వవచ్చు. కూలి కుటుంబాలకు నెల అద్దె కన్నా ముందు అడ్డం వచ్చేది అడ్వాన్సు. ఊరికొక అడ్వాన్సు నిధి పెట్టి, వడ్డీ లేకుండా ఇచ్చి, ఇల్లు మారినప్పుడు తిరిగి తీసుకోవచ్చు. ఒప్పందాలు రాయడానికి, నమోదు చేయించడానికి మన యువ న్యాయవాదులు వారానికి ఒక సాయంత్రం విహారంలో కూర్చోవచ్చు. కులం చూసి కాదన్న సంగతులను తేదీతో సహా రాసిపెట్టి ఉంచితే, రేపు కోర్టులో అవే సాక్ష్యాలు.

ఇవి చేస్తూ ప్రభుత్వాన్ని అడగాల్సింది అడగాలి. ఉద్యోగికి ఉన్న అద్దె సాయం కూలికి కూడా హక్కుగా ఇవ్వండి. రాబడి చూసి ఇవ్వండి, కుల ధ్రువపత్రం అడగకండి. అర్హులందరికీ ఇవ్వండి, లాటరీ వేయకండి. ప్రజల సొమ్ము తీసుకునే ఓనరును రాజ్యాంగానికి కట్టుబడమనండి. నేల పెంచుకోలేని దీవుల్లో మొదలుపెడితే ఈ పద్ధతి బలమూ, లోపమూ రెండూ త్వరగా తేలుతాయి.

సాయం దానమా, హక్కా అన్న ప్రశ్నకు జవాబు ఇచ్చేవాడి మనసులో దొరకదు. పుచ్చుకునే మనిషి స్థితిలో దొరుకుతుంది. వచ్చే నెల ఇది ఉంటుందో ఉండదో అని భయపడుతూ తీసుకుంటే అది దానం. ఓనరు పేరు అడిగినప్పుడు అసలు పేరు, అసలు ఊరు, అసలు వీధి చెప్పి తాళంచెవి అందుకోగలిగితే అది హక్కు.